మా అత్త చెట్టుకు మంచు పట్టిన ఏడు

ఆ రోజుల్లో మద్రాసులో చలికాలం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే, ఫ్యాను ఒక నంబరు తగ్గించుకోవడం అని చెప్పేవాళ్లం. ఇప్పుడూ అంతే అనుకోండి, కాకపోతే ఇప్పుడు తగ్గించేది ఏసీ. డిసెంబరు వచ్చిందంటే చూలై పేటలో మా వీధి పొడుగునా కాగితపు నక్షత్రాలు వేలాడేవి, గ్రీటింగు కార్డుల నిండా మంచు కురిసేది, మేము మాత్రం చెమటలు కక్కుతూ క్రిస్మస్ చెట్టుకు దూది అంటించేవాళ్లం. ఆ దూది నాలుగు రోజులకే దుమ్ము పట్టి, దెబ్బకు కట్టిన పాత కట్టులా వేలాడేది. మంచును పుట్టి బుద్ధెరిగి చూడని మాకు మంచు మీద అంత మోజు ఎందుకుండేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ మోజు మా అత్త ఇంట్లో ఏం చేసిందో చెబుతాను, హాయిగా నవ్వుకోండి. మధ్యలో నేను కాస్త ఆగితే మాత్రం ఏమీ అనుకోకండి.

అప్పటికి నేను బీకాం ముగించి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నాను. ఆ ఎదురుచూసేదేదో ఇంట్లో కూర్చుని చూస్తే అమ్మ అంట్లు తోమిస్తుందని భయపడి, పక్క సందులో ఉండే మా మేనమామ దగ్గర పనికి చేరాను. మామ వ్యాపారం చెట్లు అద్దెకివ్వడం. నిజంగానే ఉంది అలాంటి వ్యాపారం. ఆఫీసుల్లో, నగల కొట్లలో మీరు చూసే కుండీల్లో చాలామటుకు వాళ్లు కొన్నవి కావు. ఏసీలో వారం పది రోజులు నిలబడితే ఏ మొక్కయినా నీరసించిపోతుంది. అందుకని ప్రతి శనివారం మామ తన మీన్‌బాడీ బండిలో (చేపలు మోయడానికి పుట్టి, ఇప్పుడు మద్రాసులో మంచాల దగ్గర్నుంచి మనుషుల దాకా మోస్తున్న మూడు చక్రాల బండి) బలంగా ఉన్న కుండీలు తీసుకెళ్లి దింపి, వాడిపోయినవాటిని ఎక్కించుకొచ్చేవాడు. వెళ్లడాన్ని 'డ్యూటీ' అనేవాడు. తిరిగొచ్చినవి కోలుకునే తన పెరటిని 'ఆస్పత్రి' అనేవాడు. "ఆ రబ్బరు మొక్కకు ఇంకా ఒళ్లు బాగలేదు పాపా, ఇంకో వారం లీవు రాయి" అని నాతో చెప్పేవాడు. అంబత్తూరులో లేతు మిషను మీద ఏళ్ల తరబడి నిలబడి పనిచేసి, ఆ వర్క్‌షాపు మూతపడ్డాక ఈ దారి పట్టిన మనిషి. తనకెవరూ ఇవ్వని లీవులన్నీ మొక్కలకిచ్చి ఆ ముచ్చట తీర్చుకున్నాడని నా అనుమానం. ఆ సంస్థలో నా హోదా మేనేజరు. (ఉన్నది ఇద్దరమే. రెండో ఉద్యోగం బరువులు మోసేది కనుక అది మామే తీసుకున్నాడు.)

ఆ పెరట్లో డ్యూటీ అంటే ఏమిటో ఎరగని చెట్టు ఒక్కటే ఉండేది. అది మా అత్తది. పెళ్లయిన కొత్తలో చర్చివాళ్లు డిసెంబరులో బస్సు వేసుకుని ఊటీ తీసుకెళ్లారట. కార్డుల్లో ఉన్నట్టు చెట్ల మీద తెల్లగా మంచు పడుతుందని నమ్మి, అత్త అక్కడ దిగీ దిగగానే ఎర్రటి ఉన్ని స్వెట్టరు కొనుక్కుంది. "మంచు యాడ పడిందిమే? ఉన్నన్నాళ్లూ వానే. స్వెట్టరు తడుస్తాదని సంచీలోంచి తియ్యనే లేదు" అని చెప్పేది. మంచు దొరక్కపోయేసరికి దానికి బదులుగా పాలపొడి డబ్బాలో జానెడు క్రిస్మస్ మొక్కను ఒళ్లో పెట్టుకుని మద్రాసు దాకా తెచ్చుకుంది. పైన్ చెట్లకు చుట్టం అది. నిటారుగా ఒకటే మాను, దాని చుట్టూ ఏడాదికో వరస చొప్పున గొడుగు కమ్ముల్లా కొమ్మలు. ఆ వరసల్ని అత్త 'అంతస్తులు' అనేది, ఒక్కో అంతస్తుకు ఒక్కో కథ చెప్పేది. "ఇదిగో, ఇది మీ మామ పని పోయిన ఏడు. కొమ్మలు యెంత పొట్టిగా ఉండాయో చూడు, పావం, దానికి కూడా తెలిసింది." "ఈ పైది ఇంట్లోకి నీళ్లొచ్చిన ఏడు." "ఇది నువ్వు పదో క్లాసు తప్పిన ఏడు." (నేను తప్పలేదు. లెక్కల్లో గట్టెక్కాను. కానీ అంతస్తు మీద ఒకసారి పడిన మాటను ఆవిడ మార్చేది కాదు.) మా కుటుంబంలో ఎవరికైనా ఏదైనా ఎప్పుడు జరిగిందో తెలియాలంటే పెరట్లోకి వెళ్లి చెట్టును చూసి చెప్పేది. దాన్ని పెద్ద పెద్ద కొట్లవాళ్లు క్రిస్మస్‌కు అద్దెకడిగినా, "నా చెట్టు డ్యూటీకి పోదు" అని అత్త ఒక్క ముక్కలో తేల్చేసేది.

ఆ సంవత్సరం దీపావళి దాటాక ఒక శనివారం, ఏదో ఆఫీసు నుంచి తిరిగొచ్చిన చిన్న క్రిస్మస్ చెట్టు మీద తెల్లటి చుక్కలు కనిపించాయి. సూదుల్లాంటి ఆకుల మధ్య, కొమ్మల పొడుగునా, బియ్యపు నూక అంటించినట్టు ఉన్నాయి. ఆఫీసులో ఎవరో పిల్లలు గమ్ము పూసి ఆడుకున్నారనుకుని మామ నీళ్లు కొట్టి చూశాడు, పోలేదు. ఆ కుండీని బండిలో అలాగే ఉంచి, టి. నగర్‌లో మా ఖాతా చీరల కొట్టుకు వెళ్లాం. ఆ కొట్టు మేనేజరు రాజమండ్రి వైపు నుంచి కొత్తగా వచ్చినాయన. ప్రతి మాటకూ 'ఆయ్' అంటాడని మేము ఆయ్ సారు అని పేరు పెట్టుకున్నాం. ఆయన బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి ఆ చెట్టు దగ్గర ఆగిపోయాడు.

"ఇదేంటండీ బాబూ, మంచు పడ్డట్టు భలేగా ఉందే! దూదాండీ?"

"దూది గాద్సార్" అన్నాడు మామ.

"మరి రంగేశారాండీ?"

తెలియదు అనే మాట కస్టమరుకు చెప్పడం మామకు చేతకాని పని. గొంతు సవరించుకుని, "స్పెషల్ వెరైటీ సార్. మంచు జాతి. దానంతట అదే వస్తాది" అన్నాడు.

"ఆయ్! అలాగైతే ఈసారి పండగ సేలుకి మాకన్నీ ఇవే పంపించండి. దూదితో చీరలన్నీ నాశనమైపోతున్నాయండి."

 తిరిగొస్తుంటే మామ సిగ్నలు దగ్గర బండి ఆపి, "పాపా, మంచు జాతి అని ఒకటి ఉంటాదా?" అని అడిగాడు. "నువ్వే కదా మామా చెప్పింది?" అన్నాను. "చెప్పినాను సరే. ఉంటాదా?" అన్నాడు. బీకాం చదివిన మేనేజరుగా నేను ఆలోచించి, ఉండొచ్చు అన్నాను. అంతటితో ఊరుకోక, ఇంటికి రాగానే ఆ చెట్టుకు నాలుగు ఫొటోలు తీసి, 'సహజమైన మంచుతో క్రిస్మస్ చెట్లు, దూది అక్కర్లేదు' అని వాట్సాప్‌లో ఖాతాదారులందరికీ పంపాను. నా జీవితంలో నేను రాసినవాటిలో అంత ఫలితమిచ్చిన వాక్యం మళ్లీ ఇంకోటి లేదు. సాయంత్రానికి ఫోను మోగుతూనే ఉంది.

చిక్కల్లా మంచున్న చెట్టు ఒక్కటే కావడం. అయితే వారం పది రోజులకు మామ ఒక సంగతి కనిపెట్టాడు. ఆస్పత్రిలో ఆ చెట్టుకు ఆనుకుని ఉన్న కుండీ మీద కూడా తెల్లచుక్కలు మొదలయ్యాయి. లేతు మిషను దగ్గర నేర్చుకున్న తెలివితేటలన్నీ ఆయన ముఖంలోకి వచ్చేశాయి. "పాపా, ఇది అంటుకునే మంచు!" అన్నాడు. ఆ తర్వాత మేము చేసినదాన్ని తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. చిన్న క్రిస్మస్ చెట్లన్నిటినీ కొమ్మలో కొమ్మ దూరేలా, పెళ్లి ఫొటోలో బంధువుల్ని జరిపినట్టు దగ్గర దగ్గరగా జరిపాం. గట్టిగా వానపడితే మంచు రాలిపోతుందని పైన టార్పాలిన్ కట్టాం. ఏ చెట్టుకు ఎంత పట్టిందో నేను పొద్దున్నే చూసి, "దీనికి బాగా వచ్చింది, దీనికి ఇంకా రావాలి" అని చెబితే, మామ వెనకబడినవాటిని ముందుకు మార్చేవాడు. లోకంలో జనం మందులు కొట్టి చంపుకునేదాన్ని మేము చంటిబిడ్డను సాకినట్టు సాకాం.

అత్తకు మొదట్లో నమ్మకం కుదరలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి, "మంచయితే కరగాల గదయ్యా?" అని అడిగింది.

"అది కొండ మీద మంచే. ఇది చెట్టు మంచు" అన్నాడు మామ, ఎంతో తెలిసినట్టు.

 అత్త చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి, ఒక చిన్న చెట్టు కొమ్మను వేలితో ఎత్తి చూసింది. అలా చాలాసేపు చూసి, మామ వైపు తిరక్కుండానే, "రెండు కుండీలు తెచ్చి నా చెట్టు పక్కన కూడా పెట్టు. అద్దెకు గాదు. మన పండగకు" అంది. మామ నా వైపు చూశాడు. ఊటీలో పడని మంచు తన పెళ్లాం చెట్టు మీద తనే పడేలా చేయబోతున్నానన్న సంతోషం ఆయన ముఖంలో ఎంత స్పష్టంగా కనిపించిందంటే, నేను సిగ్గుపడి తల పక్కకు తిప్పుకున్నాను. కుండీలు రెండు అడిగితే ఆయన ఆరో ఏడో మోసుకొచ్చి చెట్టు చుట్టూ పేర్చాడు. వాటిలో కొన్నిటిని ఇటుకల మీద ఎక్కించి, పై అంతస్తులకు కూడా అందేలా చేశాడు.

డిసెంబరు వచ్చేసరికి మంచు చెట్లన్నీ డ్యూటీకి వెళ్లిపోయాయి. అత్త చెట్టు మాత్రం పెరట్లోనే, అడుగు అంతస్తు నుంచి నడిమి దాకా తెల్లబడి, సాయంకాలం దీపాలు పెడితే కార్డులోంచి లేచి వచ్చినట్టు ఉండేది. క్రిస్మస్ రోజు ఆరాధన అయ్యాక చర్చి జనం సగం మంది మా పెరట్లోనే ఉన్నారు. చర్చి అయ్యగారు చెట్టు ముందు నిలబడి ప్రార్థన చేశారు. పిల్లలు వంతులేసుకుని ఫొటోలు దిగారు. అత్త లోపలికెళ్లి, అందరికీ పండగ పిండివంటలు, గులాబీ పువ్వులు, కల్‌కల్లు, పళ్లేల్లో పెట్టి తీసుకొచ్చింది. అప్పుడు చూశాం, ఆవిడ ఒంటి మీద ఎర్ర స్వెట్టరు! కలరా ఉండల వాసన గుప్పుమంది. నుదుటి మీద నుంచి చెమట ధారగా కారుతోంది. "ఏమే, కాలిపోతా ఉంటే స్వెట్టరేందే?" అన్నాడు మామ. "మంచు పడితే ఏసుకోవాలని గదా కొన్నాను" అంది అత్త. అందరూ పగలబడి నవ్వారు. అత్త కూడా నవ్వింది కానీ, సాయంత్రం దాకా విప్పలేదు. నాకు తెలిసి ఆవిడ అంత సంతోషంగా ఉన్న రోజు మళ్లీ చూడలేదు. ఇప్పటికీ నా దగ్గర ఆ ఫొటో ఉంది, అందులో చెట్టూ అత్తా ఇద్దరూ మెరుస్తున్నారు.

పండగ వెళ్లిన రెండో రోజే ఆయ్ సారు ఫోను చేశాడు. "ఏవండీ, మీ మంచుకి చీమలు పడుతున్నాయేంటండీ?" అన్నాడు. మంచుకు చీమలేమిటని పరుగెత్తుకెళ్లాం. కొట్టు ముందు భాగంలో చెట్టు, చెట్టు కింద బాలయేసు పశువుల పాక బొమ్మలు. గోడ వారనుంచి బయలుదేరిన చీమల బారు ముగ్గురు జ్ఞానుల వెనకగా నడిచి, పశువుల తొట్టెను చుట్టి, మాను మీదుగా పైకెక్కుతోంది. చెట్టు పక్కనే నిలబెట్టిన నిలువెత్తు బొమ్మకు కట్టిన పట్టుచీర మీద చక్కెర పాకం చిలకరించినట్టు జిగురు చుక్కలు. ఆయ్ సారు ఒక తెల్లచుక్కను గోటితో గీకి మాకు చూపించాడు. అది పటుక్కున చితికి, గోటి మీద పచ్చటి రసం అంటుకుంది. పక్కనే ఇంకో చుక్క కింద నుంచి కంటికి ఆననంత చిన్న ప్రాణి ఒకటి మెల్లగా నడిచి అవతలికి పోయింది. 

నేను ఫోనులో వెతికాను. (ఆ పని రెండు నెలల ముందు చేసి ఉండాల్సింది.) పొలుసు పురుగులు. పైన్ చెట్ల మీద, ఆ జాతి చెట్లన్నిటి మీద పడి, చిన్నప్పుడు నడిచినా పెద్దయ్యాక కదలకుండా ఒక్కచోటే అతుక్కుని, పైన తెల్లటి గూడు కట్టుకుని, కింద కూర్చుని చెట్టు రసం పీలుస్తాయట. ఎక్కువైన తీపి రసాన్ని కిందికి వదులుతాయట, చీమలు వచ్చేది దానికేనట. అందులోని ఫొటోలు అచ్చం మా చెట్టులాగే ఉన్నాయి. తిరిగొస్తూ బండి మీద చదివి వినిపిస్తుంటే మామ, "దానికి పేరు కూడా ఉండాదా?" అన్నాడు నీరసంగా. కాసేపయ్యాక, "మీ అత్తకు ఎట్ట చెప్పాల?" అన్నాడు. ఇంకేదీ ఆయన పట్టించుకోలేదు. కస్టమర్లు తిడతారని గానీ, చెట్లన్నీ పోతాయని గానీ ఆయన నోట రాలేదు.

అత్తకు నేనే చెప్పాను. ఆవిడ కేకలు వేస్తుందని సిద్ధపడి వెళ్లాను. వేసి ఉంటే బాగుండేది. ఫోనులో బొమ్మ చూసి, లేచి పెరట్లోకి వెళ్లి, కొమ్మ మీద ఒక చుక్కను గోటితో గీకి, వేలు చూసుకుంది. "పురుగామే?" అంది. అంతే. తర్వాత బక్కెట్టు నిండా సబ్బునీళ్లు కలిపి, ఇంట్లో పాత పళ్లబ్రష్షులన్నీ తెచ్చి, మాకు తలా ఒకటి చేతిలో పెట్టింది. ఆ రోజునుంచీ ముగ్గురం చెట్టు చుట్టూ కూర్చుని కొమ్మ కొమ్మా తోమాం. కింది అంతస్తులు అత్త, నడిమివి నేను, నిచ్చెన మీద మామ. "నా పళ్లు ఇంత శ్రద్ధగా తోమినుంటే ఒక్కటి కూడా ఊడేది గాదు" అన్నాడు మామ ఒకసారి, మమ్మల్ని నవ్వించాలని. నేను నవ్వాను. అత్త నవ్వలేదు. మధ్యమధ్యలో మామ బండేసుకుని, డ్యూటీలో ఉన్న చిన్న చెట్లను ఒక్కొక్కటే వెనక్కి తెచ్చాడు. ఒక ఆఫీసువాళ్లు మాత్రం మంచు చాలా బాగుందని, సంక్రాంతి దాకా ఉంచమని బతిమాలారట. తెచ్చినవి ఏ ఆస్పత్రీ బాగుచేసే స్థితిలో లేవు. అన్నిటినీ మామే పీకి, మూటలు కట్టి, చెత్త బండికెత్తాడు.

అత్త చెట్టు చావలేదు. పురుగు పోయింది, చెట్టు నిలిచింది. కానీ వేసవి వచ్చేసరికి కింది అంతస్తు పసుపుపచ్చగా మారి, ఎండి, ఒక్కో కొమ్మా రాలిపోయింది. తర్వాత దానిపైది. పొట్టి కొమ్మల అంతస్తు, నీళ్లొచ్చిన ఏటి అంతస్తు, నేను పదో క్లాసు తప్పని అంతస్తు, అన్నీ వరసగా రాలాయి. ఆ జాతి చెట్టుకు పోయిన కొమ్మ చోట ఇంకో కొమ్మ రాదు. ఈ సంగతి నేను ఫోనులో చదివాను, ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయినా చెట్టు చెప్పింది. చివరికి బోడి మాను, చిటారున నాలుగు వరసలు మిగిలి, దూరంనుంచి చూస్తే కొబ్బరిచెట్టులా తయారైంది. అత్త రోజూ నీళ్లు పోసేది. అంతస్తుల కథలు మాత్రం మళ్లీ ఎప్పుడూ చెప్పలేదు. ఎవరికైనా ఏదైనా ఎప్పుడు జరిగిందని అడిగితే, "యాడ గుర్తుంటాదిమే" అనేది. మామ ఇంకెప్పుడూ క్రిస్మస్ చెట్లు అద్దెకివ్వలేదు. అడిగినవాళ్లకు, "అది మనకు అచ్చిరాదు సార్" అని రబ్బరు మొక్కలు చూపించేవాడు. మామ పోయి ఇప్పటికి కొన్నేళ్లయింది. ఆయన అంబత్తూరు కబుర్లు, వాళ్లిద్దరి పెళ్లినాటి కబుర్లు అన్నీ ఆ కింది అంతస్తుల్లోనే ఉండేవి. ఆ చెట్టు పోగొట్టినవాటిలో నాకు ఎక్కువ బాధగా ఉండేది ఇదే. సగం కథలు నాకు ఇప్పుడు జ్ఞాపకం లేవు, అడిగితే అత్త చెప్పదు.

మొన్న జనవరిలో మా ఆఫీసువాళ్లు అందరినీ మనాలి తీసుకెళ్లారు. అత్తను కూడా రమ్మని ఎంత బతిమాలినా, మోకాళ్లు చూపించి, "నాకు బదులు దీన్ని తీసుకుపో" అని ఎర్ర స్వెట్టరు నా పెట్టెలో పెట్టింది. అక్కడ బస్సు దిగితే కనుచూపు మేర తెలుపే. దేవదారు చెట్ల మీద, కొమ్మ కొమ్మ మీద, కార్డుల్లో ఉన్నట్టే, మా పెరట్లో ఉన్నట్టే. మా వాళ్లంతా కేకలు పెడుతూ గుప్పిళ్లతో మంచు విసురుకుంటున్నారు. నేను తిన్నగా దగ్గర్లో ఉన్న చెట్టు దగ్గరికి నడిచి, ఒక కొమ్మను కిందికి వంచి, దాని మీది మంచును గోటితో గీకి చూశాను. ఆడిటింగులో పనిచేసే మనిషిని కదా, మంచును కూడా అనుమానిస్తున్నానని మావాళ్లు పడి పడి నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

అక్కడినుంచే అత్తకు వీడియో కాల్ చేశాను. ఫోను చెట్ల వైపు తిప్పి చూపించాను. అత్త కళ్లద్దాలు సర్దుకుని, ఫోనుకు ముఖం ఆనించి చూసింది.

"చీమలుండాయేమో చూడుమే" అంది.

"లేవత్తా. ఇది నిజం మంచు. చేతిలోకి తీసుకుంటే కరిగిపోతోంది, చూడు" అని గుప్పెట్లోది చూపించాను. నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారిపోయాయి.  

"ఇంతేనా?" అంది అత్త. "అయితే మీ మామ పడేసిన మంచే మేలు. అది కరగలా."